అత్త పోసిన ఒడిబియ్యం

మా ఆడబిడ్డ సత్తవ్వ పోయింది. లింగంపేటల దినాలకు పోయి వచ్చినప్పటి సంది నా మనసు ఒక్కకాడ నిలుస్తలేదు. వయసు మీద పడ్డ మనిషే. మంచాన పడి తీసుకోలేదు, పొద్దుగాల చాయ తాగి గోడకు ఒరిగి కూసున్నదట, అట్లనే పోయింది. మంచి చావు అన్నరు అందరు. మంచిదే కావొచ్చు, నాకు మాత్రం చెయ్యి ఇరిగినట్టున్నది. ఎల్లారెడ్డిల మా అత్తగారిల్లు ఎట్లుండేదో, ఆ ఇంట్ల మనుషులు ఎట్ల మసులుకుంటుండిరో తెలిసినోళ్లం ఆమె, నేను ఇద్దరమే మిగిలి ఉంటిమి. ఇప్పుడు నేనొక్కదాన్నే. దినాలనాడు వంటలకాడ కూసుంటె సత్తవ్వ చిన్నకోడలు, సదువుకున్న పిల్ల, నన్ను అడిగింది: “అత్తమ్మా, మా అత్త చెప్తుండె, వాళ్ల అవ్వ, అంటె మీ అత్త, నోరు తెరువకపోయేదట గద? గసొంటి అత్తతోని ఎట్ల ఏగినవు నువ్వు? నాకైతె పిచ్చి లేస్తుండె.” నేను నవ్విన. “లేసింది బిడ్డా, నాకు గూడ లేసింది” అన్న. ఆ పొయ్యికాడ పొగల ఆ పిల్లకు చెప్పింది కొంచెమే. మిగిలింది ఇక్కడ చెప్త.

నేను పుట్టింది కామారెడ్డిల. మా బాపుకు చెరుకుతోట ఉండె, గానుగ ఉండె. బెల్లం వండే దినాలల్ల ఇల్లంత పాకం వాసన, కట్టుకున్న బట్టలకు అదే వాసన, తలెంటికెలకు అదే వాసన. ఆ ఇంట్ల మెల్లగ మాట్లాడే మనిషి ఒక్కరు లేకపోయిరి. దానికి మూలం మా నాయినమ్మ. ఆమెకు చెవుడు. ఆమెకు వినపడాలని మొదలువెట్టిన ఒర్లుడు ఇంటిల్లిపాదికి అలవాటయిపోయింది. జీతగాండ్లు ఒర్లుతుండిరి, చుట్టపుచూపుకు వచ్చినోళ్లు గూడ రెండో దినానికి ఒర్లుడు పట్టుకుంటుండిరి. మా బాపు సంగతి ఇగ అడుగొద్దు. ఆయిన కొట్టంల ఎడ్లను అదిలిస్తె రైలుటేషన్ల కూలోళ్లు ఉలిక్కిపడుతరని ఊర్ల ఎక్కిరిస్తుండిరి. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ముఖం గూడ నాకు యాదికి లేదు. నాయినమ్మనే సాదింది. బాపు పొలం నుంచి రాంగనే “ఏడ సచ్చినవే పోరీ, పొద్దు గూకింది, ఇంక తినలేదా?” అని వాకిట్ల నుంచే కేక పెట్టేది. ఆ కేక వింటె నాకు కడుపు నిండినట్టు ఉండేది. ఆ ఇంట్ల కోపం ఎంతసేపు? అన్నం కుండ దించేదాక. అప్పటిదాక తిట్టుకున్నోళ్లే పక్కపక్కన కూసొని ఒకరి కంచంల కూర ఇంకొకరు తీసుకొని తింటుండిరి.

అటువంటి ఇంట్ల పెరిగినదాన్ని తీసుకపోయి ఎల్లారెడ్డిల ఇచ్చిన్రు. పెండ్లి చిన్నప్పుడే అయింది, ఎదిగినంక కాపురానికి తోలిన్రు. మా మామ ఊర్ల పేరున్న మనిషి, నలుగురికి నాయం చెప్పెటోడు. బయట ఎంత మాట్లాడేదో ఇంట్ల అంత మౌనం. ఇంట్లకు అడుగుపెట్టే ముందు వాకిట్ల ఒకసారి దగ్గేది. ఆ దగ్గు వినంగనే మేం ఆడోళ్లం దర్వాజ చాటుకు పోవాలె. మగోళ్ల ముంగట ఆడది నోరిప్పితె ఇంటి ఇజ్జతు పోయినట్టని ఆ ఇంటి పద్ధతి. మా అత్త రాజవ్వ ఆ పద్ధతిల ఎన్నేండ్లు ఉన్నదో గని, ఇగ మగోళ్లు ఇంట్ల లేనప్పుడు గూడ ఆమెకు మాటతోని పని లేకుంట పోయింది. పొడుగు మనిషి, నిండ పసుపు పూసుకునేది, దగ్గరికొస్తె నువ్వులనూనె వాసన వచ్చేది. మామకు అన్నం అయిందని చెప్పాల్నంటె దర్వాజ గొలుసు ఒక్కసారి ఆడిచ్చేది. ఎవరన్న వచ్చి కూసున్నరంటె ఆగి ఆగి ఆడిచ్చేది. నాకు చెప్పుడు గూడ గట్లనే. చాట తెచ్చి నా ముంగట పెట్టిందంటె బియ్యం ఏరాలె. ఖాళీ బిందె దర్వాజకాడ పెట్టిందంటె బాయికి పోవాలె. పొయ్యిల కట్టె ఎనుకకు గుంజిందంటె కూర అడుగంటుతున్నదని.

మొదట మొదట నాకు ఒక్కటి సమజ్ కాకపోయేది. కూర మాడబెట్టిన, అంబలిల ఉప్పు రెండుసార్లు ఏసిన, పాలు పొంగబెట్టిన. ఎవ్వలు ఒక్క మాట అనలే. అనకపోవుడే నాకు పెద్ద పరేషాన్. మా బాపు తిట్టుడు ఆపిండంటె ఎవ్వలో సచ్చినట్టు లెక్క. ఇక్కడ దినమంత తిట్టు లేదు, కేక లేదు. అంటె ఈళ్లు నా మీద ఎంత కోపంతోని ఉన్నరో అని మూలకు పోయి ఏడ్సేదాన్ని. సత్తవ్వ అప్పుడు ఇంక పెండ్లి గాని పిల్ల. నా కండ్లనీళ్లు చూసి పకపక నవ్వింది. “ఓ వదినె, గంత బుగులెందుకు నీకు? మా అవ్వకు కోపమొస్తె గిన్నెల సప్పుడు కాదు. ఉన్న సప్పుడు ఆగిపోతది. గిన్నెలు మోగుతున్నంతసేపు నీకు ఫికరు లేదు పో” అన్నది. అప్పటి సంది నేను గిన్నెల సప్పుడు వినుకుంట బతుకుడు నేర్చుకున్న. ఒకసారి నాకు జరం వచ్చింది. అత్త మాట్లాడకుంట వచ్చి నా మంచం పొయ్యి దిక్కు జరిపి, వామునీళ్లు తలకాడ పెట్టి పోయింది. బాగున్నదా అని అడుగలే. కొన్ని సమజైతున్నయి, కొన్ని కాలేదు, గిట్ల నడుస్తున్నది నా కాపురం.

మా ఆయిన గూడ ఆ ఇంటి పిల్లగాడే గద. పెద్దోళ్ల ముంగట పెండ్లాంతోని మాట్లాడుడు లేదు. పొలానికి పోయేటప్పుడు కొట్టంకాడ నిలబడి నా దిక్కు చూసి నవ్వేది, అదే ఆ దినానికి మాట. నేను చూస్తె ఉన్నది, చూడకపోతె లేదు.

ఆడపిల్లను అత్తింటికి తోలినంక కొన్నేండ్లకొకసారి పుట్టింటోళ్లు పిలిచి ఒడిబియ్యం పోస్తరు. కొత్త చీర కట్టిచ్చి, గాజులేయించి, పీట మీద కూసోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు కొంగుల పోసి అత్తింటికి సాగదోలుతరు. పుట్టిల్లు ఉన్నది, మనుషులున్నరు, ఇది దిక్కులేనిది కాదని నలుగురికి తెలువడానికి అది. నన్ను దానికి తోల్కపోతనని మా బాపు ఎల్లారెడ్డికి వచ్చిండు. వచ్చుడు వచ్చుడే వాడకట్టంత వినేటట్టు “బావా! ఉన్నవా?” అని కేక. ఎడ్ల అడుగు బాగలేదని కేక, ఎండ కొడుతున్నదని కేక, బెల్లం ముద్దలు దింపుమని కేక. దర్వాజ చాటు నుంచి నేను ఖుషీ అయితున్న, మా అత్త గాబరా అయితున్నది. ఈ మనిషి కొట్లాటకు వచ్చిండనుకున్నది ఆమె. నీళ్ల చెంబు పంపింది. బాపు చెంబు పక్కన పెట్టుకొని అడిగిండు: “బావా, పిల్లను తోల్కపోత. ఒడిబియ్యం పోసి మల్ల తెచ్చి దింపుత. ఏమంటవు?” మా మామ ఏమనలే. ఆ ఇంట్ల ఏమనకపోతె సరే అన్నట్టు. కాదనాల్నంటేనే నోరు తెరుస్తరు. బాపుకు అది ఏం తెలుసు? ఆయిన ఇంకొకసారి అడిగిండు. మామ తల కిందికి వంచిండు, అది మర్యాద. బాపు గొంతు లేపిండు. గొంతు లేసినకొద్ది మామ ఇంకింత బిగుసుకున్నడు. “ఏందిది? మనిషితోని మాట్లాడుతున్ననా, గోడతోని మాట్లాడుతున్ననా? నా బిడ్డను పంపుమంటె జవాబు గూడ ఇయ్యవా? నీ గడప ఇగ తొక్కితె చూడు!” అని లేసి, ఆ నీళ్లు ముట్టకుంట బండెక్కి పోయిండు.

ఇంటికొచ్చిన ఇయ్యంకుడు ఇచ్చిన నీళ్లు తాగకుంట పోవుడంటె పొత్తు తెగినట్టే. చెంబుల నీళ్లు అట్లనే ఉండె. మా అత్త ఆ చెంబు తీసి తులసిచెట్టు మొదట్ల పోసి వచ్చింది. ఆ దినం గిన్నెల సప్పుడు ఆగిపోయింది.

మా బాపు కోపం రాత్రి అన్నంతోని పోయి ఉంటదని నాకు తెలుసు. గని మాట అన్నడు గద, ఇగ గడప తొక్క అని. నలుగురు విన్నరు. ఆయిన రాడు. వీళ్లు పంపరు. మామకు, అత్తకు ఆ దినం పడ్డ దెబ్బ కోపంది కాదు, ఇజ్జతుది. గట్ల ఒక పంటకాలం గడిచింది, ఇంకో పంటకాలం గడిచింది. నడుమల సత్తవ్వ పెండ్లయి లింగంపేటకు పోయింది. ఇగ ఆ ఇంటి సప్పుళ్లు నాకు ఇడమర్చి చెప్పేటోళ్లు లేకపోయిరి. నాకు కడుపు పండలే. బాయికాడ ఆడోళ్లు అడుగుడు షురూ చేసిన్రు: “ఏమే, మీ పుట్టింటోళ్లు ఒడిబియ్యం పోయలేదా ఇంక?” నేను బిందె ముంచుకుంట వినపడనట్టు ఉండేదాన్ని. పక్కింటి ఈరవ్వ ఒకనాడు నా చెవుల వేసింది: “మీ మామ కాడికి బిచ్కుంద దిక్కు నుంచి ఎవరో పిల్ల సంబంధం తెచ్చిన్రట. నీ మొగనికి మారుమనువు చేస్తరంటున్నరు. నిన్ను మీ బాపు ఇంటికాడ దింపొస్తరట. జర పైలం బిడ్డా.” ఇంట్ల ఎవరిని అడుగాలె? అడిగే అలవాటు ఆ ఇంట్ల ఎవ్వరికి లేదు. అత్త ముఖం చూస్తె ఏం తెలువది. మా ఆయిన కొట్టంకాడ నిలబడ్డప్పుడు నేను తలెత్తి చూసుడే మానేసిన. చూస్తె ఏం కనపడుతదో అని భయం.

ఒకనాడు పొద్దుగాల లేసి వాకిలి ఊడ్చి ఇంట్లకు వచ్చేసరికి చాటల పసుపు కలిపిన బియ్యం ఉన్నయి. పక్కన కుడుకలు, వక్కలు. గాజులామెను అత్త ముందటి దినమే పిలిపిచ్చి నా రెండు చేతులకు గాజులేయిచ్చింది, ఎందుకో అనుకున్న. ఇప్పుడు కొత్తచీర తెచ్చి నా చేతుల పెట్టింది. పీట చూపిచ్చింది. వాకిట్ల మా ఆయిన బండి కడుతున్నడు. ఒడిబియ్యం ఎక్కడ పోస్తరు? ఏ ఇంట్ల నుంచి సాగదోలుతరో ఆ ఇంట్ల పోస్తరు. పుట్టింట్ల పోసి అత్తింటికి తోలుడు రివాజు. అత్తింట్ల పోసి పుట్టింటికి తోలుడంటె ఉల్టా లెక్క. అంటె ఈరవ్వ చెప్పింది నిజమే, ఈ ఇంటికి నాకు చెల్లిపోయింది, పెద్దింటోళ్లు గనుక ఉత్తచేతులతోని ఎల్లగొట్టకుంట పద్ధతిగ ఎల్లగొడుతున్నరు అనుకున్న. అత్త నా కొంగు పట్టి బియ్యం పోస్తున్నది. ఒక్కొక్క దోసెడు పడుతుంటె నా కండ్లనీళ్లు ఆ పసుపు మీదనే పడుతున్నయి. ఆమె చూసింది. చూసి, కొంగు ముడి గట్టిగ ఏసి, బొట్టు పెట్టి లేపింది. ఏమన్నంటె గద తెలిసేది!

బండి దగ్గరికి పోతె అత్త గూడ ఎక్కి నా పక్కన కూసున్నది. మామ వాకిట్ల నిలబడి దగ్గిండు. ఆ దగ్గుకు అర్థమేందో నేను ఆలోచన చేసే స్థితిల లేను. నన్ను అప్పజెప్పి రావడానికి అత్తనే స్వయంగ బయిలెల్లింది అనుకున్న. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి అంటె ఎడ్లబండికి దినమంత దోవ. మా ఆయిన బండి తోలుతున్నడు, ఎనుకకు తిరుగడు. నేను ఒడి పట్టుకొని తలొంచుకొని కూసున్న. లింగంపేట దాటినంక వాగుకాడ ఎడ్లను ఇప్పిన్రు. అత్త సద్దిమూట ఇప్పి జొన్నరొట్టె తుంచి నా చేతుల పెట్టింది. నేను తినకుంట పక్కన పెట్టిన. అది చూసి ఆమె గూడ తన రొట్టె మూటల పెట్టింది. అగో, నాతోని కలిసి తినుడు గూడ ఇష్టం లేదు అనుకున్న. మనసుల భయం జొరబడితె ప్రతిదానికి ఒక్కటే అర్థం కనపడుతది.

దీపాలు పెట్టే యాళ్లకు కామారెడ్డిల మా వాకిట్లకు పోయినం. బాపు అరుగు మీద కూసున్నడు. బండి దిగిన నన్ను చూసిండు, నిండిన ఒడిని చూసిండు, ఏడ్సి ఏడ్సి ఉబ్బిన నా ముఖం చూసిండు, ఎనుక దిగిన మా అత్తను చూసిండు. నేను అనుకున్నదే ఆయిన గూడ అనుకున్నడు. నేను ఆయిన బిడ్డనే గద. “ఓహో! ఒడి నింపి తెచ్చి దింపుతున్నరా? నా బిడ్డ మీకు బరువైందా? తల్లి లేదని ఆడుకుంటున్నరా? రాండ్రి, చూస్త!” అని లేసిండు. వాడకట్టోళ్లు జమైన్రు. మా ఆయిన ఎడ్ల కాడ రాయిలెక్క నిలబడ్డడు. నాయినమ్మ “ఏందిరా, ఏమైందిరా?” అని గోడ పట్టుకొని బయటికొచ్చింది. నా బతుకు అయిపోయింది అనుకున్న ఆ ఘడియ. ఈయిన ఇంకొక్క మాట అంటె వీళ్లు ఎనుకకు తిరిగి పోతరు, ఇగ నన్ను తీసుకపోయేటోళ్లు ఉండరు.

అప్పుడు మా అత్త మాట్లాడింది. అంతమంది మగోళ్ల ముంగట, చాటు లేకుంట, వాకిట్ల నడుమ నిలబడి మాట్లాడింది. “అన్నా!” అన్నది. వరుసకు బాపు ఆమెకు అన్ననే, గని ఆ పిలుపు అప్పటిదాక ఎవ్వలు వినలే. “అన్నా, నీ బిడ్డను ఇడిసిపెట్టడానికి రాలే నేను. తల్లి లేని పిల్ల, నువ్వు రాకపోతివి. బాయికాడ అందరు దాన్ని సూదులతోని పొడిసినట్టు పొడుస్తున్నరు. గందుకే నేనే ఒడి నింపిన. మీరు గూడ నింపుండ్రి. నింపి నా బిడ్డను నాకు పంపుండ్రి.” మాట అలవాటు లేని గొంతు అది. నాయినమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని “ఏమంటుందిరా ఆమె? నాకు ఇనొస్తలేదు” అన్నది. బాపు చెప్తడేమో అని చూసినం. ఎవ్వలు చెప్పకపోయేసరికి మా అత్త నాయినమ్మ దగ్గరికి నాలుగడుగులు ఏసి, కొంగు నడుముకు చెక్కి, ఆ వాడకట్టంత వినేటట్టు మల్ల ఒర్లింది: “నా బిడ్డను నాకు పంపుండ్రి అంటున్ననమ్మా!”

మా బాపు భుజం మీద తువ్వాల తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నడు. అట్లనే పోయి గానుగకాడ చీకట్ల కూసున్నడు. ఆ రాత్రి ఆ ఇంట్ల ఆయిన గొంతు వినపడక జీతగాడు వచ్చి, పటేలుకు పానం బాగలేదా అని అడిగి పోయిండు. తెల్లారి నాయినమ్మ నా ఒడిల ఇంకిన్ని బియ్యం పోసింది. కొంగు బరువుకు నేను లేవలేకపోతె అందరు నవ్విన్రు. మా ఆయిన అప్పుడు అందుకున్నడు, మెల్లగ నాకొక్కదానికే ఇనపడేటట్టు: “నిన్న బండి కట్టేటప్పుడు నేను ఎన్నిసార్లు నవ్విననో. నువ్వు తలెత్తితె గద!” బిచ్కుంద సంబంధం నిజమేనంట, వచ్చిందట. వాళ్లు ఆ మాట ఎత్తినప్పుడల్ల దర్వాజ గొలుసు ఆపకుంట ఆడిచ్చి, దాన్ని మా అత్తనే ఎనుకకు పంపిందని సత్తవ్వ చాలా ఏండ్లకు చెప్పింది.

ఇప్పుడు మా ఇంట్ల మాటలకు తక్కువ లేదు. కొడుకులు, కోడండ్లు, మనుమండ్లు అందరు చెప్పుకునేటోళ్లే. పొద్దుందాక ఫోన్ల చెప్పుకుంటరు, పొద్దు గూకినంక “నేను చెప్పిన గద, నువ్వు విన్నవా?” అని కొట్లాడుకుంటరు. నాకు నవ్వొస్తది. అట్లని మా కాలమే బంగారం అని నేను అన. ఆడది నోరిప్పొద్దన్న పద్ధతి మంచిదెట్లయితది? నేను ఆ భయంల ఎన్ని రాత్రులు నిద్ర లేకుంట తీసిననో నాకే తెలుసు. ఒక్క మాటతోని పోయే భయం అది. మా సత్తవ్వ కోడలు అడిగిన దానికి నా జవాబు గింతే: ఒర్లేటోళ్ల ఇంట్ల ఒర్లుడు వినాలె, ఊకుండేటోళ్ల ఇంట్ల ఊకుండుడు వినాలె. రెండు ఇండ్లల్ల ప్రేమ ఉన్నది, నాకు తెలువనీకె ఏండ్లు పట్టింది. మా అత్త అంత కష్టపడి ఒక్క పూటకు మా ఇంటి భాష నేర్చుకున్నది నా కోసం. ఆమె భాష నేను నేర్చుకోలేకపోతె ఎట్ల?

ఆనాడు కామారెడ్డి నుంచి తిరుగు ప్రయాణంల వాగు దాటినంక నాకు ధైర్యం వచ్చింది. మా బాపు ఇంటి గాలి తగిలినందుకో ఏమో, నోరు తెరిచి అడిగిన: “అత్తా, పోయేటప్పుడే ఒక్క మాట చెప్తె ఏమాయె? దారెంట ఏడ్సుకుంట వస్తి గద నేను. నన్ను ఎల్లగొడుతున్నరనుకుంటి.” ఆమె గిర్రున నా దిక్కు తిరిగింది. ఆ ముఖంల కోపం లేదు. నిజంగనే ఏం సమజ్ గాక చూసింది. “చెప్పిన గదనే” అన్నది. “నా చేతులతోని నీ ఒడి నింపిన. పిలువని ఇంటికి, కొడుకును కన్నదాన్ని, నీ పక్కన కూసొని బయిలెల్లిన. నువ్వు తినకపోతె నేను గూడ తినలే. ఇంకెట్ల చెప్తరే?”

నేను ఆమె భుజం మీద తల పెట్టి, బుద్ధి తెలిసినప్పటి సంది ఎవ్వరిని పిలువని పిలుపు ఆమెను పిలిచిన. అమ్మా అన్న. ఆమె పలుకలే. గొంగడి అంచు గుంజి నా కాళ్ల మీద కప్పి, బండి పోయే దిక్కు చూసుకుంట కూసున్నది. నాకు సమజయింది.